తొమ్మిది నిద్రల కాశీ

కాశీ ప్రయాణం మాట రాగానే ఇప్పుడు ఇంట్లో మొట్టమొదట వచ్చే ప్రశ్న "ఎన్ని రోజులు సరిపోతాయి?" అని. ట్రావెల్స్ వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: ఒక రాత్రి, రెండు పగళ్లు. పొద్దున్నే దిగి గంగలో మూడు మునకలు, విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు. సాయంత్రం పడవలో కూర్చుని హారతి. మర్నాడు పొద్దున సారనాథ్, దారిలో పట్టుచీరల కొట్టు, మధ్యాహ్నానికి అయోధ్య బండి.

మన అమ్మమ్మల తరంలో ఈ ప్రశ్నకు చోటే లేదు. కాశీ అంటే తొమ్మిది నిద్రలు. అమ్మ కడుపులో తొమ్మిది నెలలు ఉన్నాం కాబట్టి, కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేస్తే మళ్లీ కడుపులో పడే అవస్థ ఉండదని నమ్మకం. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నమ్మరు. కానీ ఆ తొమ్మిది అంకె మాత్రం ఒక ఊరి బతుకుతెరువుని వందల ఏళ్లు నడిపించింది.

కాశీ మారిపోయింది అనగానే అందరూ విశ్వనాథ్ కారిడార్ వైపు, అంటే గుడి చుట్టూ ఇళ్లు తీసేసి గంగ దాకా తెరిచిన ప్రాంగణం వైపు వేలు చూపిస్తారు. మెచ్చుకునేవాళ్లూ అదే చూపిస్తారు, బాధపడేవాళ్లూ అదే చూపిస్తారు. నాకు మాత్రం అసలు మార్పు రాళ్లలో కంటే రోజుల్లో ఎక్కువ జరిగిందనిపిస్తుంది. యాత్రికుడు ఆ ఊళ్లో గడిపే సమయం తొమ్మిది రోజుల నుంచి ఒకటిన్నర రోజుకి పడిపోయింది. ఉండేవాళ్ల కోసం పెరిగిన ఊరు ఇప్పుడు వచ్చిపోయేవాళ్ల కొలతలకు తనని తాను కత్తిరించుకుంటోంది. కారిడార్ కూడా ఆ కత్తిరింపులో ఒక భాగమే.

ఉండేవాళ్లు కట్టిన ఊరు

కేదార్ ఘాట్ నుంచి మానససరోవర్ ఘాట్, పాండే హవేలీ, సోనార్‌పురా దాకా సందుల్లో నడిస్తే తెలుగు బోర్డులు కనిపిస్తాయి, ఇడ్లీ కనిపిస్తుంది, "రండమ్మా, రూము కావాలా?" అనే రిక్షావాలా కనిపిస్తాడు. వాళ్లకు ఎవరూ తెలుగు నేర్పలేదు. తొమ్మిదేసి రోజులు మనవాళ్లు అక్కడ ఉంటూ, పాలూ కూరలూ బేరమాడుతూ ఉంటే వాళ్లకే వచ్చేసింది. బెంగాలీలు ఉన్నచోట బెంగాలీ టోలా, మరాఠాలు ఉన్నచోట వాళ్ల వాడలు, వాళ్ల ఘాట్లు. తమిళనాడులోని చెట్టినాడు నుంచి వచ్చిన నగరత్తార్లు 19వ శతాబ్దంలో పెట్టుకున్న సత్రం గొదౌలియా కూడలి దగ్గర ఇప్పటికీ ఉంది. విశ్వనాథుడి పూజకు కావలసిన సామాగ్రి అక్కడి నుంచి రోజూ "శంభో, శంభో" అంటూ గుడికి వెళుతుంది. ఒక్క పూట ఉండి పోయేవాళ్లు ఇలాంటి ఏర్పాట్లు చెయ్యరు. కాశీలో మనం "భారతదేశమంతా కనిపిస్తుంది" అని మురిసిపోయేది ఈ ఉండిపోయినవాళ్ల గుర్తుల్ని చూసే.

తొమ్మిది రోజులూ ఖాళీగా కూర్చునేవాళ్లూ కాదు. వచ్చిన రోజు గంగాస్నానం, క్షేత్రపాలకుడైన కాలభైరవుడి దర్శనం, విశ్వనాథుడు, అన్నపూర్ణ. ఒక రోజు పంచతీర్థి: పడవలో అస్సి దగ్గర మొదలుపెట్టి దశాశ్వమేధం, ఆదికేశవం, పంచగంగ, మణికర్ణిక. అయిదుచోట్లా స్నానం, సంకల్పం చేసుకుంటూ చేతితెడ్ల పడవలో వెళ్తే పూటంతా పడుతుంది. ఒక రోజు పితృకార్యం. గయ వెళ్లి రావడానికి రానూపోనూ సుమారు 500 కిలోమీటర్లు, అంటే అదో రోజున్నర. ఓపికున్నవాళ్లు విశ్వనాథుడి చుట్టుపక్కల సందుల్లోని గుళ్లన్నీ తిరిగే అంతర్గృహ యాత్ర చేసేవాళ్లు. ఇక కాశీ క్షేత్రం చుట్టూ ప్రదక్షిణ చేసే పంచక్రోశి అయితే సుమారు 80 కిలోమీటర్ల నడక. కర్దమేశ్వర్, భీమచండి, రామేశ్వర్, శివ్‌పూర్, కపిలధార, ఈ అయిదు మజిలీల్లో ధర్మశాలలు ఆ నడక కోసం కట్టినవే. ఇప్పుడు అదే పంచక్రోశిని ఆటోలో ఆరేడు గంటల్లో తిప్పి తెచ్చేస్తున్నారు. ఆటో ఆగిన చోటల్లా దిగి దండం పెట్టుకుని ఎక్కడమే. ధర్మశాలలో పడుకునేవాడు లేడు కాబట్టి వాటి కప్పుకి సున్నం వేసే అవసరం కూడా ఎవరికీ కనిపించడం లేదు.

ఇలా తొమ్మిది రోజులు ఉన్న కుటుంబం ఖర్చు ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో చూడండి. సత్రం హుండీ, పురోహితుడు, పాలవాడు, కూరల బండి, బట్టలు ఉతికే ఆయన, పడవవాడు రెండు మూడుసార్లు, రిక్షా నాలుగైదుసార్లు. చిన్న చిన్న మొత్తాలు, ఎక్కువ చేతులు. ఒకటిన్నర రోజు కుటుంబం ఖర్చు అంతకంటే ఎక్కువే అవ్వొచ్చు. కానీ అది హోటల్‌కి, టెంపోకి, సుగమ దర్శనం టిక్కెట్టుకి, చీరల కొట్టుకి వెళుతుంది. ఆ చీరల కొట్టు నుంచి బండి తెచ్చినవాడికి కమిషన్ ముడుతుంది. డబ్బు పెరిగింది, చేతులు తగ్గాయి.

అవే తొమ్మిది రోజులు, ఆరు ఊళ్లు

2023 మార్చి 18న సికింద్రాబాద్ నుంచి మొదటి భారత్ గౌరవ్ రైలు బయల్దేరింది. పుణ్యక్షేత్ర యాత్ర అని పేరు. ఎనిమిది రాత్రులు, తొమ్మిది పగళ్లు. పూరీ, కోణార్క్, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగ. మన పెద్దవాళ్లు కాశీ ఒక్కదానికే పెట్టుకున్న తొమ్మిది రోజుల్లో ఇప్పుడు ఆరు ఊళ్లు, పైగా రైలు ప్రయాణం మొత్తం.

ఆ రైలుని తప్పుపట్టడం లేదు. భోజనం, బస, బస్సు అన్నీ వాళ్లే చూసుకోవడం వల్ల, ఎప్పుడూ ఇల్లు కదలని ఎంతోమంది పెద్దవాళ్లు గంగని చూడగలిగారు. అదే ఏడాది ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా జరిగిన గంగా పుష్కరాలకి మనవాళ్లు కాశీ ఘాట్లన్నీ నింపేశారు. కోరిక తగ్గలేదు, భక్తి తగ్గలేదు. సమయం ముక్కలైంది, అంతే. ఆ ముక్కల్లో ఊరిని ఇరికించడానికి ఏమేం చేయాల్సివస్తుందో అక్కడే చిక్కు.

సాయంత్రం హారతినే తీసుకోండి. దశాశ్వమేధ ఘాట్‌లో వరసగా బల్లల మీద నిలబడి, ఒకే లయలో దీపాలు తిప్పే ఈ హారతి ఇప్పటి రూపంలో 1990ల నుంచి జరుగుతున్నదే. అందంగా ఉంటుంది, కాదనను. ముప్పావు గంట కార్యక్రమం. ఒకటిన్నర రోజు యాత్రికులందరికీ అదే సాయంత్రం, అదే ముప్పావు గంట కావాలి. దాంతో గంట, గంటన్నర ముందే మెట్లు నిండిపోతాయి. నీళ్ల మీద పడవలు ఒకదానికొకటి ఎంత ఒరుసుకుని నిలబడతాయంటే, ఒడ్డున దిగాలంటే ముందున్న నాలుగైదు పడవల అంచులు తొక్కుకుంటూ రావాలి. పెద్దవాళ్లు కాలు జారేది సరిగ్గా అక్కడే. రెండు పడవల సందులో కాలు పడితే మడమ నలిగిపోతుంది. హారతి అయ్యాక వేల మంది ఒక్కసారిగా గొదౌలియా వైపు ఎక్కుతారు. బళ్లు అక్కడిదాకా రానివ్వరు కాబట్టి అందరూ నడకే.

ఈ రద్దీ పడవవాళ్ల బతుకుని కూడా మార్చేసింది. పంచతీర్థి చేసేవాళ్లున్నప్పుడు పడవకి రోజంతా పని ఉండేది. ఇప్పుడు బేరమంతా తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు. ఆ మూడు గంటల్లోనే రోజుకూలి రాబట్టుకోవాలి కాబట్టి తెడ్లు పోయి ఇంజన్లు వచ్చాయి, డీజిల్ పోయి సీఎన్‌జీ వచ్చింది, పదిమంది ఎక్కే పడవలో పదిహేనుమంది ఎక్కుతున్నారు. 2018లో పెద్ద క్రూయిజ్ పడవలు మొదలయ్యాక, తరతరాలుగా పడవలు నడిపే నిషాదులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. వాళ్ల భయం అర్థమవుతుంది. తొమ్మిది రోజులు ఉండేవాడికి పడవవాడి పేరు తెలుస్తుంది, మర్నాడు మళ్లీ అతన్నే పిలుస్తాడు. గంట కోసం వచ్చేవాడికి ఏసీ ఉన్న పడవైతే చాలు.

కూలిన సందులు

కారిడార్ లెక్కలు చాలామందికి తెలిసినవే. 2019 మార్చి 8న శంకుస్థాపన, 2021 డిసెంబర్ 13న ప్రారంభం. సుమారు 3,000 చదరపు అడుగుల్లో ఇరుక్కుని ఉన్న ఆలయ ప్రాంగణం దాదాపు 5 లక్షల చదరపు అడుగులైంది. 300 పైగా ఆస్తులు కొన్నారు. ఇళ్ల మధ్య, గోడల వెనక దాగి ఉన్న 40కి పైగా చిన్న గుళ్లు బయటపడ్డాయి. దాదాపు 1,400 మంది దుకాణదారులకు, అద్దెదార్లకు, ఇంటి యజమానులకు పునరావాసం ఇచ్చామని ప్రభుత్వం చెప్పింది.

ఇక్కడ నా మనసు ఒకవైపుకి తేలదు. పాత విశ్వనాథ్ గల్లీ గురించి ఇప్పుడు ఎంత మురిపెంగా చెప్పుకున్నా, సోమవారం పూట అందులో నలిగినవాళ్లకి దాని సంగతి తెలుసు. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందు, ఎదురుగా ఆవు, కింద పాలూ పూలూ కలిసిన జారుడు బురద, కూర్చోవడానికి చోటు లేదు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదు. ఇప్పుడు ర్యాంపులున్నాయి, వీల్‌చైర్లున్నాయి, లలితా ఘాట్ వైపు గంగాద్వారం నుంచి నేరుగా గుడికి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న తల్లిని తీసుకెళ్లిన కొడుకు ఆ దారిని తిట్టడు. తిట్టమని నేనూ అనను.

కానీ ఆ 40 గుళ్ల సంగతి వేరు. అవి ఇళ్లలో ఉన్నప్పుడు "మరుగున పడ్డాయి" అని ఇప్పుడు అంటున్నాం. ఇల్లు ఉన్నప్పుడు దీపం పెట్టే చెయ్యి కూడా ఆ ఇంట్లోనే ఉండేది. అంతర్గృహ యాత్రలో గానీ, 56 వినాయకుల దర్శనంలో గానీ సగం దారి ఇలాంటి గుమ్మాల్లోంచే. "అమ్మా, లోపల వినాయకుడున్నాడు కదా" అని అడిగితే తలుపు తీసేవాళ్లు. ఇప్పుడు ఆ గుళ్లు విశాలమైన రాతి ప్రాంగణంలో శుభ్రంగా, ఒంటరిగా నిలబడ్డాయి. వేలమంది వాటి పక్కనుంచే వెళతారు. ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లు లేరు, ఆగే తీరికా లేదు. లాహోరీ టోలా లాంటి పేటలో ఇల్లు అంటే నాలుగు గోడలే అనుకుంటే పరిహారం లెక్క సరిపోతుంది. యాత్ర దారిలో అదొక మెట్టు అనుకుంటే ఆ లెక్క ఎక్కడా రాయలేదు.

కారిడార్ బయట, ఎవరూ కూల్చని సందుల్లో కూడా అదే పని నెమ్మదిగా నడుస్తోంది. నెల అద్దెకి ఇచ్చిన గదిని రోజు అద్దెకి మారిస్తే నాలుగైదు రోజుల్లోనే నెల డబ్బు వచ్చేస్తుంది. ఏ ఇంటాయన ఆగుతాడు? కాశీవాసానికి వచ్చి చివరి రోజులు అక్కడే గడుపుదామనుకున్న ముసలి దంపతులకీ, సంగీతం నేర్చుకునే పిల్లలకీ, వేదం చదివే విద్యార్థులకీ దొరికే చవక గది మాయమవుతోంది ఇందుకే. చనిపోవడానికి వచ్చేవాళ్ల కోసం 1958లో పెట్టిన కాశీ లాభ్ ముక్తి భవన్‌లో రెండు వారాల గడువు ఉంటుంది. చావుకే రెండు వారాలిచ్చిన ఊళ్లో బతికున్నవాడు రెండో రాత్రి ఉండటానికి ఇప్పుడు జేబు తడుముకోవాలి.

వారాహి అమ్మవారి సందు

దశాశ్వమేధానికి దగ్గర్లో, మాన్‌మందిర్ ఘాట్ పక్క సందుల్లో వారాహి గుడి ఉంది. అమ్మవారు భూగర్భంలో ఉంటుంది. రాత్రంతా ఊరు కాపలా కాసి, తెల్లారేసరికి వచ్చి విశ్రాంతి తీసుకుంటుందని చెబుతారు. అందుకే పూజ సూర్యోదయానికి ముందే ముగుస్తుంది. భక్తులకి పొద్దున కొన్ని గంటలే దర్శనం. అదీ నేల మీద ఉన్న కన్నాల్లోంచి. ఒక కన్నంలోంచి ముఖం, ఇంకో దాంట్లోంచి పాదాలు. వంగి, ఒక కన్ను మూసుకుని, లోపలి దీపపు వెలుతురుకి చూపు అలవాటుపడేదాకా ఆగితేనే ఏదైనా కనిపిస్తుంది.

కొన్నేళ్లుగా తెలుగు యూట్యూబ్ పుణ్యాన ఈ గుడి ప్రతి ప్యాకేజీలోనూ చేరిపోయింది. సందు వెడల్పు మారలేదు, కన్నం మారలేదు, సమయం మారలేదు. వచ్చేవాళ్లు మాత్రం బస్సులకి బస్సులు. చూపు అలవాటుపడటానికి పట్టేంత సేపు కూడా ఇప్పుడు ఒక్కొక్కరికీ దక్కదు. వెనకనుంచి "కదలండి, కదలండి" అని తోపు. చాలామంది చీకటికి దండం పెట్టి వచ్చేస్తున్నారు. ఈ గుడికి కారిడార్ కట్టలేం, కన్నాన్ని వెడల్పు చెయ్యలేం. ఇక్కడ మార్చగలిగింది ఒక్కటే: అందరూ ఒకే రోజు చూడాలన్న తొందర. తొమ్మిది రోజులుండేవాడికి ఇవాళ కాకపోతే రేపు ఉంటుంది. వాన పడితే, పొగమంచు పడితే, వరస పెద్దదైతే వెనక్కి వెళ్లి టీ తాగి మర్నాడు వస్తాడు. రద్దీని పంచడానికి అంతకంటే మంచి యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

తొమ్మిది రోజులు ఎవరికి కుదురుతాయి?

నా వాదనకి గట్టి దెబ్బ తగిలేది ఇక్కడ. రోజుకూలి చేసుకునేవాడు తొమ్మిది రోజులు పని మానుకోగలడా? ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న అమ్మాయికి తొమ్మిది రోజులు సెలవిస్తారా? "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అన్న రోజుల్లో ఎంతమంది వెళ్లగలిగారు? ఇప్పుడు విమానం ఉంది, ఒక్క పూటైనా చూసి వస్తున్నారు. చూడకుండా పోవడం కంటే అది మేలు కదా?

మేలే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే మాట. ఆ పాత తొమ్మిది నిద్రల కాశీ అందరిదీ కాదు. సత్రాల్లో చాలావాటికి కులం గుమ్మం ఉండేది, కొన్నిటికి ఇప్పటికీ ఉంది. ఫలానా వాళ్లకే గది, ఫలానా వాళ్లకే పంక్తి భోజనం. ఒంటరిగా వచ్చినవాళ్లకి, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్లకి గది ఇవ్వని సత్రాలు బోలెడు. హోటల్‌లో ఆధార్ కార్డు అడుగుతారు, గోత్రం అడగరు. రైలు ప్యాకేజీలో పక్క బెర్తు ఎవరిదో ఎవరికీ పట్టదు. పాత పద్ధతికి తల ఊపేవాళ్లం ఈ సంగతి దాచిపెట్టి మాట్లాడితే అది అన్యాయం.

అయినా నా అభిప్రాయం మారలేదు, ఇంకాస్త పదునెక్కింది. తొమ్మిది నిద్రలు కొందరికే దక్కేవి కాబట్టి అవి అక్కర్లేదనడం సరికాదు. అందరికీ దక్కే దారి వెతకాలి. మూడు నిద్రలు చేసినా తేడా కనిపిస్తుంది. ఒకటిన్నర రోజుని మూడు రాత్రులు చేస్తే హారతికి ఒక సాయంత్రం బదులు మూడు దొరుకుతాయి, దర్శనానికి సోమవారాన్నీ ప్రదోషాన్నీ తప్పించుకుని మామూలు మధ్యాహ్నం దొరుకుతుంది. కేదార్ ఘాట్ వైపు బస పెట్టుకుంటే బెంగాలీ టోలా సందుల్లోంచి గుడికి అరగంట నడక. ఫోను గదిలోనే వదిలి వెళ్తే లాకర్ బాధ లేదు. గుడి దారిలో "లాకర్ ఫ్రీ" అని పిలిచే కొట్లలో ఫోను పెట్టాలంటే ప్రసాదం బుట్ట కొనాలి, బుట్ట ధర తిరిగొచ్చాక తెలుస్తుంది. తొందరలో ఉన్నవాడి మీదే ఈ వ్యాపారం నడుస్తుంది.

ప్రభుత్వం చేయగలిగింది కూడా ఉంది. ఇప్పుడు చెప్పుకునే లెక్కలన్నీ తలల లెక్కలు: ఇవాళ ఇంతమంది దర్శనం చేసుకున్నారు, ఈ ఏడాది ఇన్ని కోట్లమంది వచ్చారు. తొమ్మిది రోజులున్నవాడూ ఒకటే, మూడు గంటలున్నవాడూ ఒకటే. తలలు లెక్కపెడితే ఎవరైనా తలలు పెంచే పనులే చేస్తారు. వెడల్పు రోడ్లు, పార్కింగులు, స్టేషన్ నుంచి గొదౌలియాకి 2023 మార్చిలో శంకుస్థాపన చేసిన రోప్‌వే, అన్నీ మనిషిని గుడి దాకా త్వరగా చేర్చి త్వరగా పంపించే పనులు. రాత్రులు లెక్కపెట్టడం మొదలుపెడితే కళ్లు వేరేచోటికి వెళతాయి: పంచక్రోశి ధర్మశాలల కప్పులు, నెల అద్దె గదులు, నడిచి వెళ్లే దారిలో మంచినీళ్లు.

సత్రాలు మన చేతిలోనివే. అక్కడి తెలుగు సత్రాలు నడిచేది ఇక్కడి దాతల డబ్బుతో, ఇక్కడి ట్రస్టుల నిర్ణయాలతో. కార్తీకం, మాఘం, శివరాత్రి రోజుల్లో మూడు రోజులకు మించి గది ఇవ్వలేమంటే అర్థముంది. మే, జూన్ ఎండల్లో, ఆగస్టు, సెప్టెంబర్‌లో గంగ మెట్లన్నీ ముంచేసి ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కి నడవలేని రోజుల్లో గదులు ఖాళీగానే ఉంటాయి కదా. ఆ నెలల్లో తొమ్మిది రోజులు ఉండనిస్తామని, కులం అడగమని, ఒంటరి ఆడవాళ్లకీ గది ఇస్తామని ఒక్క సత్రం బోర్డు పెట్టినా మిగతావి కదులుతాయి. దానికి శంకుస్థాపన అక్కర్లేదు, ట్రస్టు సమావేశంలో ఒక తీర్మానం, వంటవాడికి ఆ నెలల జీతం చాలు.